గోల్కొండ పేరు గల పుదుచ్చేరి గృహము: గృహనిర్మాణమున వృత్తుల పొత్తు

‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అని మన పెద్దలు ఈ రెండు కార్యములను ఒక్క సామెతలో కూర్చిరి. రెండును ధనవ్యయముతోడి పనులగుటచే ఈ కూర్పు పుట్టినదని సామాన్యముగ చెప్పుదురు. అందు మరియొక పోలికయు కలదు. పెండ్లి యనగా రెండు కుటుంబముల పొత్తు. ఇల్లనగా పది వృత్తుల పొత్తు. పునాది త్రవ్వువాడు, ఇటుక పేర్చువాడు, చువ్వలు వంచి కట్టువాడు, సెంట్రింగు బిగించువాడు, వడ్రంగి, గచ్చుపనివాడు, నీటి గొట్టములవాడు, విద్యుత్తు తీగెలవాడు, రంగులవాడు, వీరందరును ఒకే గోడయొద్ద ఒకరి వెనుక నొకరు పనిచేయుదురు. వియ్యమువారి నడుమ మాటపట్టింపు వచ్చినచో పెండ్లిపందిరి క్రిందనే తెలియును. వృత్తులవారి నడుమ పొత్తు చెడిన సంగతి మాత్రము రెండవ వర్షాకాలమున, చుక్క చుక్కగా, పైకప్పునుండి తెలియును.

కేంద్రప్రభుత్వోద్యోగులమైన మనకు ఇది కేవలము వాస్తుశిల్ప చర్చ కాదు. ఉద్యోగులకు గృహనిర్మాణమునకై అడ్వాన్సు ఇచ్చు పథకమును ప్రభుత్వము 1956లో ప్రవేశపెట్టినది మొదలు, జీతములో నెలనెల కోత పెట్టుకొని యొక ఇల్లు కట్టుకొనుట మన వర్గమువారి జీవితాశయమైనది. సంవత్సరముల తరబడి చెల్లించు వాయిదాలన్నియు ఒక్క కట్టడము మీదనే నిలిచియుండును. అట్టి ఇంటికి నెమ్ము పట్టిననాడు యజమాని మేస్త్రిని అడుగును. మేస్త్రి సెంట్రింగువానిని చూపును. అతడు చువ్వలవానిని, చువ్వలవాడు గొట్టములవానిని చూపును. ప్రతివాడును తన పనివరకు సరిగానే చేసితిననును. విచిత్రమేమనగా, పలుమారులు ఆ మాట నిజమే. లోపము పనిలో కాక, పనికిని పనికిని నడుమనున్న సందులో నుండును. ఆ సందును పూర్వులు ఎట్లు పూడ్చిరి, పిదప అది ఎట్లు వెడల్పైనది, నేడు దానిని పూడ్చుటకు గల మార్గములేవి యను విషయమును చరిత్ర దృష్టితో పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఇందుకు పుదుచ్చేరి పట్టణము మంచి ఉదాహరణము. పట్టణమునకు వాయవ్యదిశను మేట్టుపాళయము కలదు. అరవమున ‘మేడు’ అనగా మెరకనేల. అది మన ‘మెట్ట’కు చుట్టమైన మాట. పాళయమనగా విడిది. నేడు ఆ పేరు చెప్పినంతనే స్థానికులకు స్ఫురించునవి రెండు: ఒకటి పారిశ్రామికవాడ, రెండవది లారీల నిలయము. పూర్వము ఇంటికి కావలసిన మన్ను, సున్నము, కలప చుట్టుపట్ల ఊళ్ళనుండి బండ్లమీద వచ్చెడివి. ఇప్పుడు సిమెంటు ఒక రాష్ట్రమునుండి, ఉక్కు మరియొక రాష్ట్రమునుండి, నేలపలకలు వేరొక రాష్ట్రమునుండి లారీలపై వచ్చుచున్నవి. అయినను లారీనుండి దిగిన సామాను ఎంత మేలిదైనను, దానిని అందుకొను చేతుల నడుమ పొత్తు లేనిచో ఇల్లు మేలిది కానేరదు. మేట్టుపాళయమునుండి సముద్రమువైపు కొద్ది మైళ్ళు పోయినచో ఈ సత్యమునకు సాక్ష్యములు రెండు నేటికిని నిలిచియున్నవి.

మొదటి సాక్ష్యము ఆనందరంగపిళ్ళె మేడ. పిళ్ళె 1709లో జన్మించి 1761లో మరణించెను. డూప్లే గవర్నరుగా నున్న కాలమున ఆయన ఫ్రెంచివారికి ప్రధాన దుబాసీగా నుండెను. 1736 నుండి ఆయన వ్రాసిన దినచర్య దక్షిణదేశ చరిత్రకు ముఖ్యాధారము. తెలుగువారికి ఆయన మరియొక విధమునను పరిచితుడు: కస్తూరి రంగకవి రచించిన ‘ఆనందరంగరాట్ఛందము’ అను లక్షణగ్రంథము ఆయన పేరిట వెలసినదే. 1738 ప్రాంతమున కట్టబడిన ఆయన మేడయందు క్రింది అంతస్తు మన దేశపు పద్ధతిని కొయ్యస్తంభములపై నిలిచియున్నది. పై అంతస్తు ఫ్రెంచి పద్ధతిని తాపీకట్టు స్తంభములతో నున్నది. 1761లో ఇంగ్లీషువారు పుదుచ్చేరిని పట్టుకొని నేలమట్టము గావించిరి. ఆ వినాశమును దాటి మిగిలిన అరుదైన కట్టడములలో ఈ మేడయు నొకటిగా చెప్పబడుచున్నది. రెండు దేశముల పద్ధతులు ఒకదానిపై నొకటి నిలువవలెనన్నచో, క్రింద కొయ్యపని చేయు వడ్రంగికి పైన రాబోవు తాపీపని బరువు తెలిసియుండవలెను. పైన స్తంభము లేపు తాపీవానికి క్రింది దూలము సత్తువ తెలిసియుండవలెను. భాషలు వేరైనను, పద్ధతులు వేరైనను, ఒకరి పని ఒకరెరిగి చేసిన కట్టడమిది.

ఆ కాలపు నిర్మాణవ్యవస్థలో కాగితముపై ఒడంబడికలు తక్కువ, ఎరుక యెక్కువ. ఒకే ఊరిలో, ఒకే మేస్త్రి చేతిక్రింద, తండ్రులనాటినుండి కలిసి పనిచేసిన వడ్రంగి, కమ్మరి, తాపీవాడు, సున్నమువాడు ఉండెడివారు. గానుగసున్నము ఎన్ని దినములు నానవలెనో సున్నమువానికి తెలిసినట్లే తాపీవానికిని తెలియును. ద్వారబంధము నిలిపిన పిదపనే గోడ లేచును గనుక, వడ్రంగి మట్టము తప్పినచో తాపీవాడు ఆ క్షణమే ఆక్షేపించును. అంతేకాక, చేసిన పని ఊరిలోనే జీవితాంతము కన్నుల యెదుట నిలిచియుండును. గోడ బీట వారినచో మేస్త్రి ఆ వీథిలో తలయెత్తి నడువలేడు. ఊరివారి యెరుకయే ఆనాటి పూచీ.

అట్లని ఆ వ్యవస్థను పొగడ్తలతో ముంచెత్తుటయు న్యాయము కాదు. విద్య కులముల గోడల నడుమ బంధింపబడియుండెను. కూలి స్వల్పము. రాయి కొట్టి, మన్ను మోసి, చెరువులు త్రవ్వి దేశమంతట తిరిగిన వడ్డెరలు, ఇతరులకు ఇండ్లు కట్టి తాము గుడిసెలలో నుండిరి. తమిళదేశమున ‘ఒడ్డర్’ అని పిలువబడు వారిలో అనేకుల యింటిభాష నేటికిని తెలుగే. పాలమూరు జిల్లానుండి వలసపోయిన శ్రామికులు భారతదేశమందలి ఆనకట్టలకును నగరములకును తమ కండబలమును ధారవోసిరి. కనుక పూర్వపు పొత్తునుండి మనము గ్రహింపవలసినది దాని యెరుకనే గాని, దాని అసమానతను గాదు.

ఆంగ్లేయుల పాలనలో 1854లో పబ్లిక్ వర్క్స్ శాఖ ఏర్పడెను. దానితోపాటు అంచనా, టెండరు, కొలతల పుస్తకము, బిల్లు అను విధానము క్రమముగా దేశమంతట వ్యాపించెను. ప్రజాధనమునకు లెక్క చెప్పుటకు ఈ పద్ధతి అవసరమే. సచివాలయమున దస్త్రములు నడుపు మనకు దాని విలువ తెలియనిది కాదు. కాని అందు ఒక చిక్కు కలదు. తక్కువ ధరకు ఒప్పుకొన్న గుత్తదారు, అంతకన్న తక్కువ ధరకు ఉపగుత్తదారుల వెదకును. వారు ఇంకను తక్కువకు ముఠామేస్త్రీల వెదకుదురు. మెట్టు మెట్టునకు ధర దిగును. ధరతోపాటు ఎరుకయు దిగును. చివరకు చువ్వలు కట్టినవాడెవరో కాంక్రీటు పోసినవానికి తెలియదు. కొలతల పుస్తకములో ప్రతి పనికి ఒక వరుస కలదు. రెండు పనుల నడుమనున్న సందునకు వరుస లేదు. సొంత ఇల్లు కట్టుకొను గృహస్థుడును క్రమముగా ఈ విధానమునే అనుసరించెను: ఒక్కొక్క పనిని ఒక్కొక్కనికి చదరపుటడుగు లెక్కన గుత్తకిచ్చి, వారి నడుమ పొత్తును దైవమునకు వదలెను.

రెండవ సాక్ష్యము ఈ విధానమునకు పూర్తిగా ఎదురైనది. అరవిందాశ్రమమువారి వసతిగృహమైన ‘గోల్‌కొండ్’ పుదుచ్చేరి పాత పట్టణమున సముద్రమునకు చేరువలో నున్నది. ఆ పేరు వినిన తెలుగువానికి ఆశ్చర్యము కలుగక మానదు. హైదరాబాదు సంస్థానపు దివాను, ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనమున ముఖ్యపాత్ర వహించిన సర్ అక్బర్ హైదరీ చొరవతో హైదరాబాదునుండి లక్ష రూపాయల విరాళము ఈ కట్టడమునకు లభించెను. అందుకు కృతజ్ఞతగా మన గోల్కొండ పేరును ఫ్రెంచి ఉచ్చారణతో దీనికి పెట్టిరి.

ఈ గృహమునకు రూపకల్పన 1935 ప్రాంతమున మొదలైనది. శిల్పి ఆంటొనిన్ రేమండ్. బొహీమియా దేశమున పుట్టి అమెరికా పౌరుడై, జపానులో స్థిరపడి పనిచేసినవాడు. ఆశ్రమవాసియైన ఫ్రెంచి ఇంజనీరు ఫిలిప్ బార్బియే సాంత్ హిలేర్, ఆశ్రమనామము పవిత్ర, టోక్యోలోనే రేమండును ఎరిగియుండెను. ఆ పరిచయమే ఈ పనికి దారి తీసెను. రేమండ్ కార్యాలయమునుండి జార్జి నకషిమా అను యువశిల్పి పని చూచుటకై వచ్చెను. లె కొర్బ్యూజియే వద్ద పనిచేసిన చెక్ శిల్పి ఫ్రాంతిషెక్ సామెర్ కూడ చేరెను. ఆశ్రమవాసులును, కూలికి వచ్చిన స్థానికులును కలిసి పనిచేసిరి. వారిలో అధికులకు కాంక్రీటు పని కొత్త.

ఇట్టివారితో, భారతదేశమందలి తొలి ఆధునిక కాంక్రీటు కట్టడములలో ఒకటిగా ఎన్నబడు భవనము ఎట్లు సాధ్యమైనది? మొదట, అసలు పనికి పూర్వము పట్టణపు వెలుపల ఒక గది నమూనాను నిజపరిమాణమున కట్టి చూచిరి. కాగితముపై కనబడని చిక్కులన్నియు ఆ గదిలో బయటపడెను. కాంక్రీటువాడు, వడ్రంగి, లోహపు పనివాడు ఒకే గదిలో తమ తమ పనులు ఎచ్చట కలియునో కన్నులార చూచిరి. తప్పు చేయుటకు ఒక స్థలమును, దిద్దుకొనుటకు కొంత కాలమును ముందుగానే కేటాయించుటయే ఇందలి వివేకము.

రెండవది, కావలసిన లోహపు సామగ్రికై ‘హార్పగాన్’ అను కర్మశాలను తామే నెలకొల్పుకొనిరి. దానిని నడిపినవాడు ఉదార్ పింటో. యుద్ధకాలమున సామాను దొరకుట దుర్లభమైనప్పుడు పాత ఇత్తడి పాత్రలను కరగించి తలుపులకును కిటికీలకును కావలసిన బిగింపులను పోత పోసిరి. సామాను చేయువాడును దానిని బిగించువాడును నిత్యము ఎదురెదుట నుండుటచే, సరిపడని బిగింపు తిరిగి కర్మశాలకు పోవుటకు ఉత్తరప్రత్యుత్తరముల అవసరము లేకపోయెను.

మూడవది, రూపకల్పనయే వృత్తుల పొత్తును కోరెను. పుదుచ్చేరి ఉక్కకు ఓర్చుటకు గోడలకును కిటికీలకును మారుగా, ఇంటి పొడవునా ఉత్తర దక్షిణ ముఖములయందు అడ్డముగ తిరుగు రేకలను అమర్చిరి. వానిని మూసిన వాన లోపలికి రాదు. తెరచిన సముద్రపు గాలి గదినుండి గదికి పారును. గదికిని వసారాకును నడుమ టేకు చెక్కల జారుడు తలుపులు గాలి నాపక మరుగు కల్పించును. పైకప్పుమీద వంపు తిరిగిన కాంక్రీటు పలకలను వేరుగా పరచి, నడుమ గాలి ఆడునట్లు చేసిరి. ఎండ వేడిమి ఆ పై పొరయందే ఆగును. గోడలకు దక్షిణదేశపు పద్ధతిని నునుపైన సున్నపు పూత. నేలకు మన కడప నల్లబండలు. రేక సరిగ తిరుగవలెనన్నచో దానిని నిలుపు కాంక్రీటు మట్టము తప్పరాదు. తలుపు జారవలెనన్నచో గచ్చు ఎగుడుదిగుడు కారాదు. ఒకని పొరపాటు మరియొకని పనిని వెంటనే ఆపివేయును గనుక, ఎవరును తమ పని తీరినదని చేతులు దులుపుకొనుటకు వీలు లేకపోయెను.

రేమండ్ 1938లో సకుటుంబముగా వచ్చి కొన్ని నెలలు ఇచ్చట నుండెను. గుత్తదారు లేక, ఇంత కాలమను గడువు లేక, ఇంత సొమ్మను కట్టడి లేక జరిగిన ఈ పనిని ఆయన తన స్వీయచరిత్రలో ఎంతయు ఆదరముతో స్మరించెను. యుద్ధమువలన పని 1940ల వరకు సాగెను. ఉప్పుగాలి వీచు తీరమున ఆ కాంక్రీటు నేటికిని వాడుకలో నున్నది. 2011 డిసెంబరు 30న ‘థానే’ తుపాను పుదుచ్చేరి, కడలూరు తీరమును అతలాకుతలము చేసినది. అట్టి తుపానులు వచ్చు తీరమిది. పనితనముతోపాటు, కట్టినవారే దానిని కనిపెట్టి యుండుటయు ఈ మన్నికకు ఒక కారణము.

నకషిమా జీవితమున తరువాతి ఘట్టమును ఇచ్చట చెప్పుట అప్రస్తుతము కాదు. ఆశ్రమమున ‘సుందరానంద’ అను పేరు పొందిన ఆయన, గోల్‌కొండ్ గదులకై కొయ్యసామాను చేసి, ఆ విద్యయందే అభిరుచి పెంచుకొనెను. యుద్ధకాలమున అమెరికాలో జపాను సంతతివారిని నిర్బంధించినప్పుడు ఆయనను ఐడహో రాష్ట్రపు మినిడోకా శిబిరమునకు పంపిరి. అచ్చట జపాను సంప్రదాయమున శిక్షణ పొందిన వడ్రంగి చెంత పనిముట్ల మర్మములను నేర్చుకొనెను. 1943లో రేమండ్ పూచీపై విడుదలయై, పిదప పెన్సిల్వేనియాలో లోకప్రసిద్ధుడైన కొయ్యపనివాడయ్యెను. పటము గీయు శిల్పి ఒక వడ్రంగికి శిష్యుడగుటకు సిగ్గుపడకపోవుట ఆయన గొప్పతనము. జపాను దేశపు సంప్రదాయ గృహనిర్మాణమున ప్రధాన వడ్రంగియే ఇతర వృత్తులనన్నిటిని సమన్వయపరచుట ఆచారము. ఆ ఎరుక గలవారు వచ్చి మన తీరమున పనిచేయుటయే గోల్‌కొండ్ విశేషము.

ఇంత చెప్పిన పిదప పాఠకులు ఒక న్యాయమైన ప్రశ్న వేయుదురు: గడువు లేదు, సొమ్ముకు కట్టడి లేదు, చేయువారు సాధకులు, వాయిదాలు కట్టు గుమాస్తా ఇంటికి ఇది ఎట్లు వర్తించును? భక్తిని గుత్తకు తీసికొనుట సాధ్యము కాదు. అందులకే ఆ గృహమును అనుకరింపుమని నేను చెప్పను. దానిలో సొమ్ముతో నిమిత్తము లేని అంశములు మూడు కలవు: ముందుగా నమూనా కట్టి చూచుట, వృత్తులవారిని ఎదురెదుట కూర్చుండబెట్టుట, ఒకరి పనిని మరియొకరు పరీక్షించి స్వీకరించుట. ఈ మూడింటిని మాత్రము ఏ ఇంటనైనను ఆచరింపవచ్చును.

ఇవి ఆశ్రమముల కల్పనలు కావని పాశ్చాత్యదేశముల అనుభవమును నిరూపించినది. ఇంగ్లండులో గుత్తదారులకును ఉపగుత్తదారులకును నడుమ తగవులతో నిర్మాణరంగము క్షీణించినప్పుడు, 1994లో సర్ మైకేల్ లాథం ఒక నివేదిక సమర్పించెను. దాని పేరే ‘జట్టును నిర్మించుట’ అను అర్థము గలది. 1998లో సర్ జాన్ ఈగన్ నివేదిక మరియొక అడుగు ముందుకు వేసి, ప్రతి పనికి క్రొత్తవారిని అల్పధరకు వెదకుట మాని, నమ్మకమైనవారితో దీర్ఘకాలిక పొత్తు పెట్టుకొనవలెననియు, ఏటేట లోపములు నూటికి 20 వంతున తగ్గవలెననియు లక్ష్యము నిర్దేశించెను. 1996నాటి చట్టము ద్వారా, ‘పైవాడు నాకిచ్చిననాడే నీకిత్తును’ అను షరతును ఆ దేశమున సామాన్యముగ చెల్లనేరనిదిగ చేసిరి. ఇది మిక్కిలి గమనింపదగిన విషయము. కూలి సకాలమున అందని చోట పొత్తును గూర్చిన ప్రసంగము వట్టి మాట.

మన దేశమునను ఈ దిశగా అడుగులు పడుచునే యున్నవి. 1996లో నిర్మాణ కార్మికుల సంక్షేమమునకై పార్లమెంటు చట్టములు చేసి, కట్టడపు వ్యయముపై సెస్సు విధించెను. 1998లో హైదరాబాదున నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ వెలసెను. ప్రభుత్వమును నిర్మాణరంగమును చేయి కలిపి తాపీపనివారికి, చువ్వలవారికి, గొట్టములవారికి, విద్యుత్తు పనివారికి శిక్షణ నిచ్చుటకై ఏర్పడిన సంస్థ యిది. పూర్వము కులమునకు కట్టుబడిన విద్య ఈ విధమున బడిలో అందరికిని అందుబాటైనది. పుదుచ్చేరి చెంతనున్న ఆరోవిల్‌లో 1989లో హడ్కో ప్రోత్సాహముతో నెలకొన్న నిర్మాణకేంద్రము నేడు ఎర్త్ ఇన్‌స్టిట్యూటు పేరిట నడచుచున్నది. కొంచెము సిమెంటు కలిపి అదిమిన మట్టి ఇటుకలతో కట్టు విధానమును అచ్చట ఇంజనీర్లకును, తాపీవారికిని నేర్పుచున్నారు. పటము గీయువాడును గోడ కట్టువాడును అదే మట్టిని చేత పట్టి చూచుట అందలి సుగుణము.

చిన్న పరిశ్రమలవారికి 45 దినములలోగా సొమ్ము చెల్లింపవలెనని 2006నాటి చట్టము శాసించెను. ప్రభుత్వపు పనులలో అల్పధర యొక్కటియే ప్రమాణము కానక్కరలేదనియు, తగిన చోట నాణ్యతకును మార్కులు వేయవచ్చుననియు ఆర్థికశాఖ 2021 అక్టోబరులో సూచనలు వెలువరించెను. గుత్తదారు బిల్లు సమర్పించిన 10 పనిదినములలో, అర్హమైన మొత్తములో నూటికి 75 వంతులు తక్షణము చెల్లింపవలెనని కూడ ఆ సూచనలలో నున్నది. దస్త్రము మన బల్లపై ఒక్క వారము నిలిచినచో ఎచ్చటనో ఒక సెంట్రింగు ముఠాకు కూలి నిలిచిపోవును. ఆ ముఠా వేరొక పనికి పోవును. క్రొత్త ముఠా వచ్చును. పనికి పనికి నడుమ సందు మరల వెడల్పగును. గృహనాణ్యతయందు గుమాస్తా కలమునకును భాగము కలదని మనము మరువరాదు.

ఇండ్లు కట్టి అమ్మువారి విషయమున 2016నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము గొప్ప రక్షణ కల్పించెను. స్వాధీనపరచిన 5 సంవత్సరములలో కట్టడమునందో పనితనమునందో లోపము బయటపడినచో, నిర్మాత 30 దినములలోగా ఉచితముగ సరిచేయవలెను. కాని 500 చదరపు మీటర్లకు మించని స్థలమున, లేదా 8 ఇండ్లకు మించకుండ కట్టు చిన్న నిర్మాణములకు నమోదు తప్పనిసరి కాదు. తన స్థలమున తానే మేస్త్రిని పెట్టి కట్టుకొను గృహస్థునకు ఈ చట్టపు నీడ అందదు. మేట్టుపాళయము వంటి చోటులయందు చిన్న స్థలముపై ఇల్లు లేపువానికి తాను కుదుర్చుకొనిన పొత్తే చట్టము, పొత్తే పూచీ.

అట్టివారికి సముద్రతీరమున పొంచియున్న ప్రమాదములను మూడింటిని చెప్పెదను. మూడును సందులలోనివే. మొదటిది చువ్వలపై కాంక్రీటు కప్పు. ఉప్పుగాలి తగిలి చువ్వ త్రుప్పు పట్టి ఉబ్బినచో కాంక్రీటు పెచ్చులూడును. 2000లో సవరించిన భారతీయ ప్రమాణము 456, తీరప్రాంతమున చువ్వలపై 45 మిల్లీమీటర్ల కప్పు ఉండవలెనని నిర్దేశించెను. చువ్వ నిలుపువాడు ఒకడు, కాంక్రీటు పోయువాడు వేరొకడు; నడుమ అడుగుబిళ్ళలు పెట్టు బాధ్యత ఎవరిదో తేలకున్నచో చువ్వ పలకకు ఆనుకొని కూర్చుండును. రెండవది తడుపు. కాంక్రీటును కనీసము 7 దినములు తడిగా నుంచవలెనని అదే ప్రమాణము చెప్పెను. ఎండ తీవ్రమైనచో ఇంకను ఎక్కువ. పోసిన ముఠా సొమ్ము తీసికొని మరునాడే వెడలిపోవును. పూత పూయువాడు ఇంకను రాలేదు. నడుమ దినములలో నీరు పోయువాడెవడు? మూడవది, గొట్టములవాడు ఆలస్యముగా వచ్చి, దారి కొరకు దూలమును తొలచుట. ముందుగా అడిగియున్నచో సెంట్రింగులోనే అతనికి తోవ విడిచియుందురు.

‘ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చె’నని మనకొక సామెత కలదు. బాధ్యత పంచుకొనని పొత్తుకు గతి యదియే. కనుక పునాది త్రవ్వుటకు ముందే వృత్తులవారినందరిని ఒక్కనాడు అరుగుమీద కూర్చుండబెట్టి, పటము ముందుంచి, ఎవరి పని ఎచ్చట ముగియునో, ఎవరిది ఎచ్చట మొదలగునో తేల్చుకొనవలెను. ఒక్క కిటికీని, ఒక్క గజము పూతను నమూనాగా చేయించి, అందరును ఒప్పుకొనిన పిదప తక్కిన పని సాగింపవలెను. తరువాతి పనివాడు ముందటివాని పనిని తూకముగుండుతో, మట్టముతో పరీక్షించి, బాగున్నదనిన పిమ్మటనే తన పని మొదలిడవలెను. తడుపునకు ఒకని పేరు వ్రాసి, దానికి వేరుగ కూలి నిర్ణయింపవలెను. కూలి తేదీ తప్పరాదు. పూచీగా కొంత సొమ్ము నిలిపియుంచినచో దానిని తిరిగి యిచ్చు దినమును ముందే చెప్పి, ఆ దినముననే ఈయవలెను. సాధ్యమైనంతవరకు ఇదివరకు కలిసి పనిచేసిన జట్టునే కుదుర్చుకొనవలెను. చదరపుటడుగునకు కొన్ని రూపాయలు మిగులునని జట్టును చీల్చుట, పెండ్లికి ఇరుపక్షములను వేరువేరు ఊళ్ళలో కూర్చుండబెట్టుట వంటిది.

1954 నవంబరు 1న ఫ్రెంచివారినుండి భారతదేశమునకు పాలన సంక్రమించిన నాటినుండి, తెలుగు పట్టణమైన యానామును అరవసీమలోని పుదుచ్చేరియు ఒకే పాలనయందు కలిసియున్నవి. భాషలు వేరైనను పొత్తు నిలుచుటకు ఆ ప్రదేశము తానే నిదర్శనము. హైదరాబాదు ధనము, కడప బండ, దక్షిణదేశపు సున్నము, ఫ్రెంచి ఇంజనీరు లెక్క, జపాను వడ్రంగపు ఎరుక, పేరు తెలియని కూలివాని చెమట, ఇవన్నియు కలిసి అచ్చట ఒక ఇల్లు నిలిపినవి. మన సంఘ సభ్యులలో ఇల్లు తలపెట్టినవారు ముహూర్తము నిర్ణయించుకొను దినముననే వృత్తులవారి సమావేశమునకును ఒక దినమును నిర్ణయించుకొందురు గాక. గృహప్రవేశమునాడు వారినందరిని పిలిచి, బంధువుల పంక్తిలోనే కూర్చుండబెట్టి, విస్తరి వేసి వడ్డింతురు గాక. ఆ ఇంటి యెరుక వారియొద్దనే యున్నది. రేపు గోడకు చిన్న బీట కనబడినచో పిలువగనే వచ్చువారును వారే.